నీటి వయసు

అలాస్కా ఉత్తరాన, బ్రూక్స్ పర్వతాలు దిగి మైదానం మొదలయ్యే చోట, జూలై తొలి వారాల్లో సూర్యుడు అస్తమించడు. అర్ధరాత్రి కూడా ఎండ ఏటవాలుగా పడుతూనే ఉంటుంది. కనుచూపు మేరలో చెట్టన్నది లేదు. మోకాలెత్తు దాటని మరుగుజ్జు బర్చ్ పొదలు, తెల్లని దూదిపింజెలు తలకెత్తుకున్న గడ్డి దుబ్బులు, వాటి మధ్య కాలు మోపితే కుంగే నాచు. ఆ నాచును చేత్తో పక్కకు జరిపితే అడుగున నీళ్లు. ఆ నీళ్లకు జానెడో మూరెడో కింద, రాయిలా గడ్డకట్టిన నేల. వేల ఏళ్లుగా కరగని నేల అది. కరిగిన మంచు, కురిసిన వాన దాన్ని దాటి లోపలికి ఇంకలేవు. అందుకని ఆ నీరు నాచు పొరల నడుమ నుంచి, వాలు ఎటుంటే అటు, కదులుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా పక్కకు జరుగుతుంది. వాలు దిగువన అలాంటి నీళ్లన్నీ కూడి ఒక సన్నని ధార అవుతాయి. ధారలు కలిసి వాగు, వాగు వెళ్లి ఒక సరస్సు, సరస్సు పొంగి మరో వాగు. ఆ వరుస చివర ఉన్న పెద్ద నీటి పేరు టూలిక్ సరస్సు.

ఈ సరస్సు గట్టున 1975 నుంచి ఒక పరిశోధన కేంద్రం ఉంది. అలాస్కా విశ్వవిద్యాలయం దాన్ని నడుపుతుంది. ఏటా వేసవిలో అక్కడికి వచ్చే శాస్త్రవేత్తల్లో కొందరికి ఆ నీటిలో కంటికి కనబడని ప్రాణుల మీద గురి. నదీమూలం, ఋషిమూలం అడగకూడదని మన పెద్దలు అంటారు. వాళ్లు అడిగింది అలాంటి ప్రశ్నే. నీరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. మరి ఆ నీటిలో ఉన్న జీవులు ఎక్కడి నుంచి వచ్చాయి?

ప్రశ్న చిన్నదే కానీ దాని వెనక లెక్క చాలా పెద్దది. మామూలు నది నీరు ఒక మిల్లీలీటరు, అంటే ఇరవై చుక్కలు, తీసుకుంటే అందులో సుమారు 10 లక్షల బాక్టీరియా ఉంటాయి. గ్రాము మట్టిలోనైతే కోట్లలో, ఒక్కోచోట వందల కోట్లలో. ఆకాశం నుంచి పడే చుక్కలో జీవం బహు పలచన. అలాంటి చుక్క నేల తాకి, నాలుగడుగులు నడిచి వాగుగా మారేలోపే లక్షల ప్రాణులతో కిటకిటలాడుతుంది. ఇంత జనం ఎలా కూడుతుంది, ఎవరు ఉండిపోతారు, ఎవరు దారిలోనే రాలిపోతారు? నది గురించి అడగదగ్గ ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే లోతైనదిగా తోచేది ఇదే.

చాలాకాలం దీనికి జవాబు వెతికే పనిముట్టు లేదు. నీటిని గాజు పళ్లెంలో పోసి పోషకాలు పెట్టి పెంచితే, సూక్ష్మదర్శినిలో కనిపించిన నూరింటిలో ఒక్కటి మొలవడం గగనం. తక్కినవి ఉన్నాయని తెలుసు, పేర్లు తెలియవు. 1977లో కార్ల్ వోస్ అనే శాస్త్రవేత్త ఒక దారి చూపాడు. ప్రతి ప్రాణికణంలోనూ రైబోజోములు ఉంటాయి. వాటిని కట్టే జన్యువులోని అక్షరాలు ఒక్కో వంశంలో కొద్దికొద్దిగా మారుతూ వస్తాయి. ఆ అక్షరాలు చదివితే ప్రాణిని పెంచనక్కర లేకుండానే దాని వంశం తెలుస్తుంది. ఆ తర్వాతి కాలంలో నీటిని వడపోసి, వడపోతలో మిగిలిన డీఎన్‌ఏను చదివి, నదిలో ఎవరెవరున్నారో జాబితా రాయడం సాధ్యమైంది.

బైరన్ క్రంప్, లిండా అమరల్-జెట్లర్, జార్జ్ క్లింగ్ టూలిక్ దగ్గర చేసింది ఆ పనే. కొండవాలు మీది నేలనీటి నుంచి మొదలుపెట్టి, వాగుల మీదుగా సరస్సు దాకా నీరు నడిచే దారిలోనే నడుస్తూ, చోటుచోటా నీటిని పట్టి చదివారు. 2012లో వెలువడిన ఆ ఫలితం మన ఊహను తలకిందులు చేస్తుంది. నది పెద్దదయ్యే కొద్దీ అందులో జీవుల రకాలు పెరుగుతాయని ఎవరైనా అనుకుంటారు. ఉపనదులు కలుస్తున్నాయి కదా, ఒక్కొక్కటి తన వాటా తెస్తుంది కదా. జరిగేది అందుకు వ్యతిరేకం. అన్నిటికంటే ఎక్కువ రకాలు ఉన్నది కొండపైన నాచు కింది నీటిలో. వాగులో తక్కువ. సరస్సులో అన్నిటికంటే తక్కువ. దోసిలికి చాలని ఆ బురద నీటిలో ఉన్న వైవిధ్యం పడవలు తిరగగల సరస్సుకు లేదు.

ఆ పరిశోధనలో మరో అంకె ఉంది. సరస్సులో దొరికిన బాక్టీరియా రకాల్లో 58 శాతం, బాక్టీరియాలాగే ఏకకణ జీవులైన ఆర్కియాలో 43 శాతం, కొండపైన ఉన్న నీళ్లలోనూ కనిపించాయి. ఎక్కువ భాగం నేలనీటిలోనే, అంటే నీటి ప్రయాణం తొలి అడుగులోనే. అక్కడ అవి చాలా అరుదు. వేల మంది గుంపులో ఒక మూలన కూర్చున్న మనిషిలాంటి ఉనికి వాటిది. దిగువన సరస్సుకు చేరాక అవే వంశాలు రాజ్యం ఏలుతున్నాయి. మరోవైపు కొండ మట్టిలో ఏలిన వంశాలు దిగువన అడ్రసు లేకుండా పోయాయి. కెనడాలోని క్యుబెక్ అడవుల్లో క్లారా రూయిజ్-గొంజాలెజ్ బృందం 2015లో ప్రచురించిన పని కూడా ఇదే మాట చెప్పింది. నది జీవులు నేల నుంచే వస్తాయి. ఏ విత్తనం మొలవాలన్నది మాత్రం నీరు నిర్ణయిస్తుంది.

మన వంటింట్లో పాలకు తోడు వేసే పద్ధతి ఇదే. చెంచాడు పెరుగులోని కొద్దిపాటి జీవులు రాత్రికి రాత్రే గిన్నెడు పాలను తమవి చేసుకుంటాయి. కాకపోతే వాటికి తగినంత వ్యవధి కావాలి. గిన్నెలోకి కొత్త పాలు పోస్తూ, పాతవి ఒలకబోస్తూ ఉంటే ఎంత తోడు వేసినా పెరుగు తోడుకోదు. కొండవాగుల సంగతి అదే. నేల తోడు వేస్తూనే ఉంటుంది, కానీ నీరు ఆగదు. మంచినీటి బాక్టీరియా ఒకటి రెండు కావడానికి తరచు ఒక రోజో అంతకన్నా ఎక్కువో పడుతుంది. చిన్న వాగులో నీరు కొన్ని గంటల్లోనే దిగువకు పోతుంది. అంచేత వాగులో మనం చూసేది వాగు పెంచిన జీవులను కాదు, నేల రాల్చిన జీవులను. సరస్సులో, మందగించిన పెద్ద నదిలో, నీరు రోజులూ వారాలూ నిలుస్తుంది. అప్పుడు లెక్క మారుతుంది. ఆ నీటిలో బతకగలవి రెండు, నాలుగు, ఎనిమిది అవుతూ పోతాయి. బతకలేనివి అలాగే ఉండి, ఒక్కొక్కటిగా మాయమవుతాయి. నది ఎంత దూరం పారిందన్న దానికంటే, ఆ నీరు నేలను విడిచి ఎన్ని రోజులైందన్నది ముఖ్యం. శాస్త్రవేత్తలు దాన్ని నీటి వయసు అంటారు.

ఇలా గెలిచి నిలిచేవి ఎలాంటి ప్రాణులు? వాటి గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే భూమ్మీద దాదాపు ప్రతి సరస్సులోనూ, ప్రతి నిదానపు నదిలోనూ ఇవే కనిపిస్తాయి. ఏసీఐ అనే వంశం ఒకటి ఉంది. చాలా సరస్సుల్లో అన్నిటికంటే ఎక్కువ సంఖ్యలో ఉండేది అదే. ఒక్కో కణం ఘనపరిమాణం ఘన మైక్రోమీటరులో పదో వంతు కూడా ఉండదు. మన పేగుల్లోని ఈ.కోలైకి 46 లక్షల జన్యు అక్షరాలు కావాలి, దీనికి సుమారు 12 నుంచి 14 లక్షలు చాలు. అనవసరమైనదంతా వదిలేసుకున్న ప్రాణి. అంత చిన్నది కనుక, బాక్టీరియాను మింగే ఏకకణ జీవులకు సులువుగా చిక్కదు. నీటిలో ఏవో కొద్దిపాటి చక్కెరలు, అమైనో ఆమ్లాలు ఏరుకుని తింటుంది. పైగా దాని పొరలో వెలుతురు పడితే పనిచేసే ఒక ప్రొటీను ఉంది, ఆకలి రోజుల్లో ఎండ నుంచి కాస్త శక్తి పుచ్చుకుంటుంది. దీన్ని ప్రయోగశాలలో పెంచడం ఎంతో కాలం ఎవరికీ సాధ్యం కాలేదు. స్విట్జర్లాండులోని జూరిచ్ సరస్సు నీటిని, ఒక్కో గుంటలో ఒకటి రెండు కణాలే మిగిలేంత పలచన చేసి, పెద్ద కణాల పోటీ లేకుండా పెంచిన బృందం 2018లో వీటి జన్యువులను పూర్తిగా చదివి ప్రచురించింది. గ్రహం మీద మంచినీళ్లన్నిటా నిండి ఉన్న ప్రాణితో మనిషి పరిచయం ఇంత కొత్తది.

మరొకటి పాలీన్యూక్లియోబాక్టర్. దాన్ని మొదట చూసింది నీటిలో విడిగా కాదు, ఒక ఏకకణ జీవి లోపల. 1987లో పేరు పెట్టారు. ఆ తర్వాత తెలిసింది, దీని బంధువులు ప్రపంచమంతా స్వేచ్ఛగా ఈదుతున్నాయని. అడవి నేలల నుంచి వచ్చే గోధుమ రంగు నీళ్లంటే వీటికి ఇష్టం. ఆకులు, వేళ్లు కుళ్లగా మిగిలిన పెద్ద పెద్ద అణువులే ఆ రంగుకు కారణం, వాటిని తినడం కష్టం. ఎండ వాటిని విరగ్గొడుతుంది. విరిగిన ముక్కల్లోని చిన్న ఆమ్లాలను ఈ బాక్టీరియా అందుకుంటుంది. అలాస్కాలో, టూలిక్ పరిసరాల వాగుల్లో, సరస్సుల్లో, రోజ్ కోరీ బృందం 2014లో లెక్కవేస్తే, నీటి నడుమ జరిగే కర్బన మార్పిడిలో 70 నుంచి 95 శాతానికి ఎండే కారణమని తేలింది. అస్తమించని ఆ జూలై సూర్యుడికి నదిలో ఇంత పని ఉంది.

నీటితో పాటు కొట్టుకుపోకుండా ఉండటానికి ఇంకో ఉపాయం కూడా ఉంది, పట్టుకుని నిలబడటం. ఏటిలో అడుగు పెట్టి కాలు జారిన వాళ్లందరికీ పాకుడు తెలుసు. ఆ జిగురు పొర ఒట్టి నాచు కాదు. బాక్టీరియా తమ చుట్టూ తామే స్రవించిన జిగురులో, శైవలాలతో, ఏకకణ జీవులతో కలిసి కట్టుకున్న ఊరు. పైనుంచి వచ్చే నీటిలోంచి తిండి పట్టుకుంటారు, ఒకరి వ్యర్థం మరొకరి ఆహారం. చిన్న వాగుల్లో నీటిలో తేలేవాటికి ఎదిగే వ్యవధి లేదని అన్నాను. ఆ వాగుల్లో అసలు పని జరిగేది ఈ రాళ్ల మీదే. నీరు ముందుకు పోతుంది, పాకుడు ఉండిపోతుంది. కనుక వాగు జీవితాన్ని సీసాలో పట్టిన నీటితో కొలిస్తే సగమే తెలుస్తుంది, తక్కిన సగం రాయి మీద ఉంది.

పెద్ద నదిలో ఈ కథ ఎలా సాగుతుందో చూడటానికి డాన్యూబ్ మంచి చోటు. జర్మనీలోని నల్ల అడవిలో బ్రెగ్, బ్రిగాఖ్ అనే రెండు చిన్న ఏరులు కలిసి పుట్టే ఈ నది 10 దేశాల్లో లేదా వాటి సరిహద్దుల వెంట సుమారు 2,850 కిలోమీటర్లు పారి నల్ల సముద్రంలో కలుస్తుంది. 2007 ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆ దేశాలన్నీ కలిసి పడవల మీద నదిని పరిశీలించాయి. ఆ యాత్రలో 2,600 కిలోమీటర్ల పొడవునా పట్టిన నీటిని డొమెనిక్ సావియో, సహచరులు చదివి 2015లో ప్రచురించారు. టూలిక్ కొండవాలు మీద కనిపించిన తీరే ఇక్కడా కనిపించింది. ఎగువన నేల నుంచి, భూగర్భజలం నుంచి వచ్చిన రకరకాల జీవులు. దిగువకు పోయే కొద్దీ రకాలు తగ్గి, మంచినీటికి అలవాటుపడిన కొన్ని వంశాల పట్టు బిగుస్తుంది. విడిగా తేలే వాటిలో ఈ మార్పు స్పష్టం. మట్టి రేణువులను అంటిపెట్టుకున్న వాటిలో మాత్రం వైవిధ్యం ఎక్కువగానే మిగిలింది. రేణువు అంటే నది మోసుకుపోతున్న నేల ముక్కే కదా.

ఈ ప్రాణులు నేల విడిచి వచ్చేటప్పుడు తిండి కూడా వెంట వస్తుంది. ఆకు, వేరు, మట్టిలో నూరేళ్లు నానిన కర్బనం. నదులను సముద్రానికి సరుకు మోసే గొట్టాలుగా చూడటం భూగోళ శాస్త్రంలో చాలాకాలం సాగింది. 2007లో జొనాథన్ కోల్, సహచరులు వేసిన లెక్క ఆ చూపును మార్చింది. నేల నుంచి ఏటా సుమారు 190 కోట్ల టన్నుల కర్బనం మంచినీళ్లలోకి దిగుతోంది. సముద్రం చేరేది 90 కోట్ల టన్నులే. 20 కోట్లు అడుగున బురదలో పూడుకుపోతుంది. మిగతా 80 కోట్లు దారిలోనే గాలిలో కలుస్తుంది. ఆ 80 కోట్ల వెనక ఉన్న ఊపిరిలో ఎక్కువ పాలు ఈ చిన్న జీవులదే. తరువాతి లెక్కలు గాలిలోకి పోయే వాటా ఇంకా పెద్దదని చూపాయి.

మన గోదావరి దగ్గర ఈ ఊపిరిని కొలిచారు. త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు పారే ఈ నదికి ఏడాదిలో రెండు బతుకులు ఉన్నాయి. వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట దిగువకు వచ్చే నీరు నామమాత్రం. సముద్రపు ఉప్పునీరు పాయల్లో లోపలికంటా వస్తుంది, నీరు రోజుల తరబడి అక్కడక్కడే తిరుగుతుంది. వానాకాలం మొదలై ఎర్రనీరు దిగగానే అదంతా కొట్టుకుపోతుంది. కొత్తనీరు వచ్చి పాతనీటిని తోసేసిందన్న సామెతను సూక్ష్మజీవుల విషయంలో అక్షరాలా తీసుకోవచ్చు. ఆ ఎరుపు దక్కను నేలల మట్టి. ఆ మట్టితో నేల జీవులూ వస్తాయి, వాటి తిండీ వస్తుంది. విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు గోదావరి ముఖద్వారంలో పనిచేసి 2011లో ప్రకటించిన దాని ప్రకారం, వరద వేళ ఆ నీటిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో కంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. నేల నుంచి వచ్చిన సేంద్రియ పదార్థాన్ని బాక్టీరియా కుళ్లబెట్టడమే కారణం. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు పార్కర్ నది ముఖద్వారంలో ఇలాంటి రుతువుల తేడానే క్రంప్ 2004లో జీవుల జాబితాల్లో చూపాడు. వరద వేళ అక్కడ ఉన్నవి నది నుంచి కొన్ని, సముద్రం నుంచి కొన్ని. ప్రవాహం తగ్గి నీరు నిలిచిన వేసవి, శరత్తుల్లోనే ఆ చోటుకు సొంతమైన జీవుల కూటమి ఒకటి ఏర్పడింది.

ఉప్పు మొదలైన చోట నది జీవుల దారి ఇంచుమించు ముగుస్తుంది. సముద్రాల్లో లెక్కకు మించి ఉండే సార్-11 అనే వంశానికి మంచినీళ్లలో ఒక దాయాది శాఖ ఉంది, ఎల్‌డీ-12. చూపుకు, జన్యువుకు అన్నదమ్ములే. అయినా ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య గీతను ఆ వంశం పరిణామ చరిత్ర మొత్తంలో బహు అరుదుగా దాటింది. అందుకే గోదావరి కడలిలో కలిసినా, గోదావరి జీవుల్లో చాలావాటికి కడలి నీరు కొరుకుడు పడదు.

నేల ఏ విత్తనం వేస్తే నది దాన్నే మోస్తుంది, దారిలోని నీరు దేన్ని బతకనిస్తే అదే పెరుగుతుంది. మనిషి పోసినదానికీ ఈ నియమమే వర్తిస్తుంది. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోఆకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ప్రచురించింది. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయోటిక్ ఒక్కటే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. కొన్ని బాక్టీరియాను చంపడానికి సరిపోయే మోతాదుకు వెయ్యి రెట్లకు పైన. అలాంటి నీటిలో ఎవరు మిగులుతారు? మందును తట్టుకునే జన్యువు ఉన్నవాళ్లే. అప్పట్లో ఆ నీరు కలిసిన ఇసకవాగు అడుగు ఒండ్రులోని డీఎన్‌ఏను చదివి 2011లో అదే బృందం మరో పరిశోధన వెలువరించింది. పలు రకాల మందులకు లొంగని జన్యువులు అక్కడ గుట్టలుగా ఉన్నాయి. అంతకంటే భయం కలిగించేది, ఆ జన్యువులను ఒక జాతి నుంచి మరో జాతికి చేరవేసే వాహక డీఎన్‌ఏ ముక్కలు కూడా పెద్ద మొత్తంలో ఉండటం. కనుక ఇక్కడ జీవి చచ్చినా సరే, దాని జన్యువు మరొక జీవిలోకి ఎక్కి దిగువకు పోగలదు.

పెద్ద నదిలో నీళ్లు పట్టి చూసినవారికి మందులకు లొంగని ఈ జీవులు లక్షల్లో ఒకటిగా పలచబడి కనిపించవచ్చు, లేదా అసలు కనిపించకపోవచ్చు. కొండవాలు నేలనీటిలో సరస్సును ఏలే వంశాలు కూడా అలాగే అరుదు. ఈ జీవులను వెతకవలసిన చోటు వాగులే, అందులోనూ అడుగున పేరుకున్న ఒండ్రు. ఇసకవాగు నక్కవాగులో కలుస్తుంది, నక్కవాగు మంజీరలో, మంజీర నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో.